కుర్చీ వదలని భాగీరథి

సంగారెడ్డి కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజావాణికి వెళ్లినప్పుడు, దరఖాస్తు ఇవ్వడం పెద్ద పని కాదని భాగీరథి అభిప్రాయం. ఆ దరఖాస్తును ఏ అధికారికి అప్పగించారో తెలుసుకునేదాకా అక్కడినుంచి కదలకపోవడమే అసలు పని. చిరాగ్‌పల్లిలో తమ వాడ మీద కరెంటు తీగ తలకు తగిలేంత కిందికి జారినప్పుడు ఆమె ఆ పనే చేసింది. చూస్తామన్న మాట విని వెనుదిరగలేదు. "ఏ సారు చూస్తడు సారూ?" అని అడిగి, పేరు చెప్పించుకుని, ఆ పేరుగల మనిషి ఏ వరుసలో కూర్చున్నాడో కళ్లారా చూసి, ఆ తరువాతే జహీరాబాద్ బస్సెక్కింది. తీగ పైకి లేచింది. ప్రభుత్వం అంటే ఏమిటో ఆ రోజుతో ఆమెకు తేటతెల్లమైంది: ఎక్కడో ఒక కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీలో ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషికి ఒక పేరుంటుంది.

ఇంత స్పష్టమైన జ్ఞానం ఆమెను ఎంతటి గందరగోళంలోకి నెట్టిందో చెప్పాలంటే ముందు ఆమె పని గురించి చెప్పాలి.

భాగీరథి అల్లం తవ్వే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. చిరాగ్‌పల్లి చుట్టుపక్కల పల్లెలనుంచి, కర్ణాటక సరిహద్దు అవతలి తండాలనుంచి వచ్చే ఆడవాళ్లు ఆమె మాట మీద చేలకు కదులుతారు. వాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని ప్రతి సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి, ఫోను నోటి దగ్గర పట్టుకుని, రేపు ఎవరి చేను, కూలి ఎంత, తన పెనిమిటి గురులింగప్ప ఆటో ఏ మలుపు దగ్గర ఆగుతుంది అన్నదంతా మాట రూపంలో పంపేది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి జారి, మధ్యలో మరాఠీ కలిపి, మట్టి దులపకుండా బస్తా నింపిన మహాతల్లిని పేరు పెట్టి తిట్టి ముగించేది. ఆ తిట్టు కోసమే వినేవాళ్లు కొందరున్నారు. అయితే ఆ మాటకు మరొక బలం ఉండేది. అన్ని పల్లెలవాళ్లూ ఒకే కూలి ఒకేసారి వినడం వల్ల, ఒక ఊళ్లో ఒక ధర, పక్క ఊళ్లో అంతకు తక్కువ ధర చెప్పి ఆడవాళ్లను తోలుకుపోయే వీలు ఎవరికీ ఉండేది కాదు. ట్రాలీ వేసుకుని తిరిగే కూలీల కాంట్రాక్టరు గిరీశ్‌కు అసలే ఉండేది కాదు.

అల్లం తవ్వకాలు ఊపందుకున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆ మాట పోలేదు. మెసేజ్‌ల యాప్ తెరిస్తే ఏవో అక్షరాలు కనిపించాయి. గురులింగప్ప కూడబలుక్కుని చదివాడు. నియమాలకు విరుద్ధంగా వాడినందువల్ల ఈ నంబరును నిలిపివేశాం అని దాని సారాంశం. ఏ నియమమో రాయలేదు. పునఃపరిశీలన కోరవచ్చునని ఒక గడి ఉంటే దాన్ని నొక్కారు. నొక్కిన వేలు ఇంకా తీయకముందే, పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు అని జవాబు వచ్చింది. నేరమేమిటో చెప్పకుండా, వాదన వినకుండా వేసిన శిక్షను ఏ దేశపు న్యాయశాస్త్రమూ శిక్షగా ఒప్పుకోదు. కానీ భాగీరథి ఫోనుకు ఆ శాస్త్రమేదీ వర్తించలేదు. కొత్త సిమ్ము తెచ్చి గుంపునంతా మళ్లీ చేర్చబోతే, ఒకేసారి అంతమందికి పంపుతున్నందుకో ఏమో, అదీ మూతపడింది.

గిరీశ్ ఆలస్యం చేయలేదు. తెల్లవారకముందే ట్రాలీ ఊరూరా తిరిగింది. పక్క ఊరివాళ్లు ఇంత తక్కువకే ఒప్పుకున్నారని ప్రతి ఊళ్లోనూ చెప్పాడు. కాదని చెప్పే గొంతు ఇప్పుడు లేదు. గురులింగప్ప ఆటో సగం ఖాళీగా తిరిగివచ్చేది.

ఆ వారమే జహీరాబాద్‌లో మహిళా సంఘాలవాళ్లకు ఫోను మోసాల గురించి చెప్పడానికి హైదరాబాద్ నుంచి ప్రణీత అనే అమ్మాయి వచ్చింది. ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే చిన్న సంస్థ ఆమెది. అందరూ వెళ్లిపోయాక భాగీరథి ఫోను ముందు పెట్టి తన గోడు చెప్పుకుంది. అంతా విని ప్రణీత ఆ నోటీసును తనే ఒకసారి చదివింది. ప్రపంచంలో ఇంటర్నెట్ ఎట్లా నడవాలో మాట్లాడుకోవడానికి ఏటా ఒక పెద్ద సభ జరుగుతుందనీ, దానికి ప్రభుత్వాలవాళ్లు, కంపెనీలవాళ్లు, ఇంజినీర్లు అందరూ వస్తారనీ, ఈసారి మామూలు వాడుకదారులనూ మాట్లాడనివ్వాలని తమవంటివాళ్లు పట్టుబట్టారనీ వివరించింది. విదేశం పోనక్కరలేదు, ఇక్కడినుంచే తెరమీద మాట్లాడవచ్చు.

భాగీరథి ఒక్కటే అడిగింది. "కంపెనీ సారు గూడ ఆడికి వస్తడా?"

"వస్తరు అక్కా."

అంతే, ఆమెకు సంగతి అర్థమైపోయింది. అన్ని శాఖలవాళ్లూ ఒకే హాల్లో వరుసగా కూర్చుంటారు, మనం గోడు చెప్పుకుంటాం, ఒకరికి అప్పగిస్తారు. సంగారెడ్డిలో జరిగేదే పరాయి దేశంలో జరుగుతుందన్నమాట. ప్రణీత ఇంకా ఏదో చెబుతూనే ఉంది, సలహా అనీ సంప్రదింపు అనీ. భాగీరథి అప్పటికే ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తోంది.

ఇంట్లో గురులింగప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంటర్నెట్‌కు కలెక్టర్ ఉంటడానే?"

"ఉండడా మరి? ఊరికి సర్పంచ్ ఉండె, మండలానికి తహసీల్దార్ ఉండె. గంత పెద్దదానికి ఎవలు లేకుంట ఎట్ల నడుస్తది?"

"సరే, కనవడితె మన ఆటోకు రెండు టైర్లు గూడ అడుగు."

సభ రోజున, జహీరాబాద్‌లో హైవే పక్కన మహిళా సంఘం గదిలో, ప్రణీత లాప్‌టాప్ తెరిచింది. మధ్యాహ్నపు ఎండలో కొత్త ట్రాక్టర్లను మోసుకుంటూ లారీలు పోతుంటే కిటికీ ఊచలు సన్నగా అదురుతున్నాయి. భాగీరథి నుదుట విభూతి పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. తెరమీద పెద్ద హాలు కనిపించింది. మెడలో కార్డులు వేసుకున్న మనుషులు వరుసలు వరుసలుగా ఉన్నారు. వాళ్లలో సగంమంది తలవంచుకుని ఏదో టైపు చేసుకుంటున్నారు. దరఖాస్తులు రాసుకుంటున్నారు కాబోలు అనుకుని ఆమె సంతోషించింది. ఎదురుగా ఎత్తైన బల్ల వెనక నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ ఉంది. కలెక్టరు ఆవిడేనని భాగీరథి నిశ్చయించుకుంది.

ప్రణీత ఆమెకోసం ఒక ప్రసంగం రాసిపెట్టింది. డిజిటల్ సమానత్వం అనే మాట దాంట్లో చాలాసార్లు ఉంది. భాగీరథి దాని జోలికి పోకుండా, తనకిచ్చిన మూడు నిమిషాల్లో, తన నంబరు, తన ఊరు, ఫోను మూతపడిన సాయంత్రం, గిరీశ్ ట్రాలీ, అన్నీ వరుసగా చెప్పింది. ప్రణీత వాక్యం వెంట వాక్యం ఇంగ్లిషులోకి మార్చింది. ముగిసేసరికి హాలంతా చప్పట్లు కొట్టింది.

భాగీరథి బెదిరిపోయింది. సంగారెడ్డిలో ఏనాడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు కొట్టి పంపించేస్తారా ఏమిటి?

పెద్దావిడ చేతులు గుండెమీద పెట్టుకుని మాట్లాడింది. మీ అనుభవం మమ్మల్ని కదిలించింది, నివేదికలో దీన్ని తప్పక ప్రస్తావిస్తాం అన్నదని ప్రణీత చెప్పింది. వెంటనే మరొకరి పేరు పిలిచారు.

"బిడ్డా, ఏ సారుకు అప్పజెప్పిన్రు?"

ప్రణీత తడబడింది. ఇక్కడ ఎవరికీ అప్పజెప్పరనీ, ఎవరూ ఆర్డరు వేయరనీ, అందరూ సమానంగా కూర్చుని మాట్లాడుకుంటారనీ మెల్లగా చెప్పింది.

"మాట్లాడుకొని ఏం జేస్తరు?"

"వచ్చే ఏడాది మళ్లా కలిసి మాట్లాడుకుంటరు."

భాగీరథి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఈ పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు. అయితే వాళ్లే ఈ పిల్లకు చెప్పకుండా దాస్తున్నారన్నమాట. పేరు దాచే ఆఫీసులు ఎక్కడైనా ఉంటాయి. దానికి మందు ఒక్కటే, కుర్చీ వదలకపోవడం. ప్రణీత లాప్‌టాప్ మూయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు చెప్పుమను. చెప్పినంక లేస్త."

ఈ మాటను ప్రణీత సభకు అందించాల్సి వచ్చింది. ఆ తరువాత జరిగినదాన్ని భాగీరథి శ్రద్ధగానే గమనించింది గానీ, తలా తోకా పట్టుకోలేకపోయింది. పెద్దావిడ ఒక ప్రభుత్వపు మనిషి వైపు చూసింది. ఆయన, ఇది కంపెనీ తన యాప్‌కు పెట్టుకున్న నియమం, మా పరిధిలోది కాదన్నాడు. కంపెనీల తరఫున వచ్చిన మరొకాయన, తాను ఏ ఒక్క యాప్ గురించీ మాట్లాడలేననీ, ఏ కంపెనీ అయినా ఆయా దేశాల చట్టాలకు లోబడే నడుస్తుందనీ అన్నాడు. ఇంజినీరొకడు, మేం తీగలు కలిపేవాళ్లం, తీగల్లో ఏం పోతుందో మాకు సంబంధం లేదన్నాడు. సరిగ్గా ఇందుకే మామూలు జనం ఇటువంటి సభలకు ఇంకా ఎక్కువగా రావాలని నాలుగో మనిషి ఆవేశంగా అన్నాడు. అతనికి కూడా చప్పట్లు పడ్డాయి. ఒకరిమీద ఒకరు నెట్టుకోవడం భాగీరథికి కొత్త కాదు. కానీ మన దగ్గర నెట్టుకుంటూ నెట్టుకుంటూ పోతే చివరికి ఒక కుర్చీ తగులుతుంది. ఇక్కడ మొదలైన చోటికే తిరిగొచ్చింది.

ఆమె లేవలేదు. తరువాతి చర్చ సముద్రం అడుగున వేసే తీగల గురించి. అది నడుస్తున్నంతసేపూ హాలులోని పెద్ద తెర మూలన, విభూతి పెట్టుకుని, అరచేతిలో గడ్డం ఆనించుకుని, భాగీరథి ముఖం అట్లాగే ఉండిపోయింది. హాలువాళ్లు దాన్ని తీసేయవచ్చు, అయినా ఎందుకో ఎవరూ తీసేయలేదు. కొందరు తలెత్తి చూశారు, కొందరు ఫోటోలు తీసుకున్నారు. ప్రణీత మొదట సిగ్గుపడింది. తరువాత, ఎందుకో తనకే తెలియకుండా, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుండిపోయింది.

చివరికి హాలు ఖాళీ అయింది. వరుసల మధ్య కప్పులు ఏరుకుంటున్న ఒక పనామె మాత్రం తలెత్తి తెరవైపు చూసి, నవ్వి, చెయ్యి ఊపింది. భాగీరథి ముందుకు వంగింది.

"అవ్వా, ఆడ ఏ సారన్న ఉన్నడా?"

పనామెకు అర్థమయ్యే భాష కాదది. తెర నల్లబడింది. ఎవరు ఆపారో తెలియలేదు.

కొన్నాళ్లకు, ఇక్కడ ఎవరూ ఏమీ చేయకుండానే, యాప్ తెరుచుకుంది. మీ నంబరును పొరపాటున నిలిపివేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని గురులింగప్ప చదివాడు. కింద సంతకం లేదు. ప్రణీతకు ఫోను చేస్తే ఆమె సంబరపడింది. కుర్చీ వదలని మనిషి ఫోటో చాలామంది చూశారట, వాళ్లలో కంపెనీ మనిషెవరైనా ఉండవచ్చునట. లేదా యంత్రమే తన తప్పు తాను దిద్దుకుని ఉండవచ్చు. నిజం చెప్పమంటే తనకూ తెలియదంది. ఆ సాయంత్రం భాగీరథి మాట పల్లెలకు పోయింది. మర్నాడు ఆటో నిండింది. గిరీశ్ చెబుతూ వచ్చిన ధరలు ఒకదానికొకటి పొసగవని తెలిసి, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. సంతోషించవలసిన మనిషి సంతోషించింది కూడా. కానీ అన్నం కలుపుకుంటూ మధ్యలో చెయ్యి ఆపేది. మూసింది ఎవరో తెలియదు, తెరిచింది ఎవరో తెలియదు. దండం పెట్టడానికైనా, తిట్టడానికైనా ముఖమంటూ లేదు.

ఇట్లా ఉండగా కోహీర్ నుంచి హబీబున్నీసా వచ్చింది. ఆమె కూడా అటువైపు అల్లం చేలకు ఆడవాళ్లను పంపే గుంపు పెద్ద. భాగీరథికి పరిచయం తక్కువే. వారం కింద తన ఫోను కూడా అట్లాగే మూతపడిందనీ, గిరీశ్ ట్రాలీ ఇప్పుడు కోహీర్‌లో తిరుగుతోందనీ, భాగీరథి ఎవరిని పట్టుకుందో చెబితే తానూ వెళ్లి పట్టుకుంటాననీ అంది.

"నాకు తెల్వది ఆపా," అంది భాగీరథి.

"తెల్వకుంట ఎట్ల వచ్చింది అక్కా?"

"అదే నాకు సమజైతలేదు."

హబీబున్నీసా చాప మీద కూర్చుండిపోయింది. "జర చెప్పు అక్కా. నీ కూలోళ్లను గుంజుకుంటనని భయమా? అల్లా మీద ఒట్టు, నీ దిక్కు రాను. ఆ సారు పేరు చెప్పు, చాలు. చెప్పినంక లేస్త."

భాగీరథికి చెంప మీద కొట్టినట్టయింది. ఉన్నదంతా చెప్పింది. హాలు, చప్పట్లు, నెట్టుకోవడం, కప్పులు ఏరే మనిషి, అన్నీ. చెబుతున్నకొద్దీ తన చెవులకే అది కట్టుకథలా వినిపించింది. హబీబున్నీసా కళ్లలో నమ్మకం కలగలేదు. ఆ చూపు ఎట్లాంటిదో భాగీరథికి బాగా తెలుసు. ప్రణీతకు ఫోను చేస్తే, వచ్చే ఏడాది సభకు ఆమె పేరు పంపుతానంది. వచ్చే ఏడాదికి ఈ అల్లం తవ్వేసి, అమ్మేసి, మళ్లీ నాటేస్తారు.

పొద్దు వాలింది. మాట పంపే వేళయింది. భాగీరథి ఫోను చేతిలోకి తీసుకుని, తన గుంపుకు చెప్పవలసింది చెప్పింది. ఆ తరువాత హబీబున్నీసాను ఆమె మనుషుల నంబర్లు ఎక్కించమంది.

గుమ్మంలో గురులింగప్ప నిలబడి చూస్తున్నాడు. "ఏమే, అంతమందిని గలుపుతె మళ్లా మూసేస్తరేమో."

"మూస్తరో మూయరో నాకేం ఎరుక? ఎంతమందైతె తప్పో ఎవడన్న చెప్పిండా?"

ఆమె గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువగా ఉంది. నంబర్లు ఎక్కించడం పూర్తయ్యాక ఫోను హబీబున్నీసా నోటి దగ్గర పెట్టి పట్టుకుంది. హబీబున్నీసా గొంతు సవరించుకుని, కోహీర్ ఆడవాళ్లకు రేపటి కూలి ఉర్దూలో చెప్పింది, ఇంకొకసారి తెలుగులో చెప్పింది. మాట బయలుదేరింది. అందినట్టు గుర్తు పడుతుందో లేదోనని ఇద్దరూ తెరమీదికి వంగారు.