నాలుగో పిన్ను

పంక్తి భోజనం ఎరుగుదును గాని, పంక్తి వైద్యం ఒకటి ఉంటుందని పదవీ విరమణ తరువాతే తెలిసింది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అడవి అంచున ఉన్న మా చిన్న పట్టణపు దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, షుగరు ఉన్నవారిని ఒక్కొక్కరిగా చూడటం మాని, పదిహేను రోజులకొక మంగళవారం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చూడటం మొదలుపెట్టింది. ఒకరి ప్రశ్నకు చెప్పిన జవాబు పదిమందికీ పనికొస్తుందని ఆమె వాదన. ఒకరి రక్తంలో చక్కెర ఎంతో పదిమందీ వినడం ఏపాటి మర్యాద అని నా సందేహం. మూడు దశాబ్దాలు ఇతరుల మార్కులు బిగ్గరగా చదివిన నాకు, నా అంకె ఇంకొకరు బిగ్గరగా చదివినప్పుడే ఆ పనిలోని క్రూరత్వం బోధపడింది.

ఆ గదిలో క్రమమన్నది లేదు. ఇప్పపువ్వు తింటే షుగరు పెరుగుతుందా అని ఒకరు, పెరుగన్నంలో అరటిపండు కలిపితే అది పండా అన్నమా అని ఒకరు, ఎవరికి తోచింది వారు అడిగేవారు. భద్రాచలం ప్రసాదాన్ని మాత్రం లెక్కలో వేయరాదన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అందులో నా చెయ్యీ లేచిందని ఒప్పుకోవాలి.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది చివరి పావుగంట. అప్పుడు ప్రతి ఒక్కరూ చెప్పులు విడిచి, పక్కనున్న మనిషి అరికాళ్లు చూడాలి. షుగరు ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు. తెలియని పుండు కుళ్లితే వేలు పోతుంది, అక్కడ ఆగకపోతే పాదమే పోతుంది. తన అరికాలు తనకు కనపడదు గనుక పక్కవారే దానికి కళ్లు కావాలని డాక్టరమ్మ నియమం.

ఈ పాఠానికి ఉదాహరణ మా మధ్యనే ఉండేవాడు. బజారులో కాలి మిషను తొక్కే దర్జీ సాహెబుకు కుడి బొటనవేలు లేదు. కొత్తవారు ఎవరొచ్చినా ఆయన ఆ పాదం ముందుకు చాపి చెప్పేవాడు.

"సూది దిగింది తెల్వలే సార్. నొప్పి లేదు, నొప్పి లేదు అనుకుంట ఖుషీగ తిరిగిన. గా ఖుషీలనే వేలు పోయింది."

ఆయన పాదాలు చూసే వంతు బీడీలు చుట్టే తునికాకు కోసే ఒక నడివయసు ఆమెది. అడవి పల్లె నుంచి షేరు ఆటోలో వచ్చేది. ముళ్లు తీసి తీసి అలవాటైన చేతులు. ఎవరి కాలైనా ఒళ్లో పెట్టుకొని, వెలుతురుకు తిప్పి, కూరగాయ ఏరినట్లు చూసేది. ఆడమనిషి చేత, అందునా నలుగురి ఎదుట, నా పాదాలు పట్టించుకోవడం నా వల్ల అయ్యే పని కాదు.

అందువల్ల నేను గదికి క్రమశిక్షణ నేర్పే బాధ్యత స్వీకరించాను. నన్నెవరూ అడగలేదు. క్రమశిక్షణ ఎక్కడైనా అడగకుండానే వస్తుంది. కుర్చీలు రెండు వరుసలు చేశాను. హాజరు పుస్తకం తెరిచాను. పర్యవేక్షకుడికి ఉండవలసినట్లే నా కుర్చీని అందరికీ ఎదురుగా వేసుకున్నాను. ఎదురు కుర్చీకి పక్క కుర్చీ ఉండదు. పక్క కుర్చీ లేనివానికి పాదాలు చూపవలసిన పక్కమనిషీ ఉండడు. ఈ సదుపాయం గురించి నేను ఎవరికీ వివరించలేదు.

డాక్టరమ్మ ఒకసారి అడగనే అడిగింది. "మీ కాళ్లు ఎవరు చూస్తున్నారు సార్?"

"ఇంట్లో చూసుకుంటున్నాను."

నిజానికి నడుము వంగక నా అరికాళ్లు చూసుకొని ఏళ్లయింది.

"సారు బూట్లతోనే పుట్టిండేమో," అన్నది తునికాకు ఆమె. గది గొల్లున నవ్వింది. హాజరు పుస్తకంలో అల్లరికి గడి లేకపోయినందుకు చింతించాను.

నియమాలు పది రాసి, పెద్ద కాగితం మీదకు ఎక్కించి, ఒక మంగళవారం అందరూ వెళ్లాక బోర్డుకు గుచ్చాను. పైఅంచు అందక కుర్చీ ఎక్కవలసి వచ్చింది. బూట్లతో కుర్చీ ఎక్కరాదన్నది నా బడిలో నేను పెట్టిన నియమం. బూట్లు విడిచి, మేజోళ్లతో ఎక్కాను. వెడల్పు తల ఉన్న బోర్డు పిన్నులు మూడు గుచ్చాను. నాలుగోది చేతిలోంచి జారింది. నేల మీద పడిన చప్పుడు కూడా కాలేదు. దిగి కొంతసేపు వెతికి, దొరకక, బూట్లు తొడుక్కొని ఇంటికి నడిచాను.

పదిహేను రోజుల తరువాత వచ్చి చూస్తే ఫ్యాను గాలికి కాగితం కింది మూల కొట్టుకుంటున్నది. అప్పుడు గుర్తొచ్చింది. స్పర్శ లేని పాదాలు చెప్పులు విడిచి తిరిగే గదిలో ఒక పిన్ను తప్పిపోయింది! వెంటనే విచారణ ప్రారంభించాను.

"ఆ పిన్ను ఎవరికైనా కనిపించిందా? ఎవరైనా తీసుకువెళ్లారా?"

నా చూపు ఎవరి మీద ఆగిందో తునికాకు ఆమె గ్రహించింది. "గా పిన్ను నేనేం చేసుకుంట సారూ? ముక్కుకు పెట్టుకుంటనా?"

దర్జీ సాహెబు జేబులోంచి అయస్కాంతం తీశాడు. దుకాణంలో రాలిన సూదులు ఏరేది అదే. మోకాళ్ల మీద గదంతా పాకాడు. ఒక గుండుసూది, ఒక సోడా మూత దొరికాయి. పిన్ను లేదు. అయితే ఎవరి కాల్లోనో దిగి ఉండాలని తేల్చి, అందరి పాదాలూ పరీక్షించమని ఆజ్ఞాపించాను. వరుసలు రెండూ పూర్తయ్యాయి. పగుళ్లు దొరికాయి, పిన్ను దొరకలేదు.

"అందరియి సూసినం," అన్నది ఆమె, నేల మీదే కూర్చొని. "ఇగ సారుయే మిగిలినయి."

"అవ్ సార్," అన్నాడు దర్జీ సాహెబు. "విచారణ అంటే అందరికీ కదా."

నా ఆజ్ఞే నా మీదకు తిరిగింది. బూటు విప్పక తప్పలేదు. కుడి బూటు రాలేదు, ఆమె లాగితే వచ్చింది. లోపల పిన్ను, తల కిందికి, మొన పైకి, తన స్థానంలో బుద్ధిగా కూర్చొని ఉన్నది. నల్ల మేజోడు బొటనవేలి కింద అట్టకట్టి చర్మానికి అంటుకున్నది. నడుము వంగక ఆ మేజోళ్ల జత నేను నెలకొకసారి మార్చేవాణ్ణి. దాన్ని నీళ్లతో తడిపి ఆమె మెల్లగా ఒలిచింది. ఎవరూ నవ్వలేదు.

"నొస్తుందా సారూ?"

"లేదు," అన్నాను.

ఆ మాటకు దర్జీ సాహెబు ముఖం మారిపోయింది. "జల్దీ డాక్టరమ్మను పిలువుండ్రి!"

డాక్టరమ్మ పుండులో సన్నని కడ్డీ పెట్టి లోతు చూసింది. అప్పుడూ నాకేమీ తెలియలేదు. నా పాదాన్ని నేను ఇంకొకరి పాదాన్ని చూసినట్లు చూశాను.

"ఎముక దాకా పోలేదు," అన్నది చివరకు. "ఇంకో మంగళవారం దాటితే వేలు గురించి కాదు సార్, పాదం గురించి మాట్లాడుకునేవాళ్లం."

రెండు నెలలు కట్లు కట్టించుకున్నాను. వేలు దక్కింది. ఈలోగా ఎదురు కుర్చీని ఎవరో వరుసలోకి జరిపారు. ఎవరని నేను విచారణ చేయలేదు. ఇప్పుడు నా అరికాళ్లు చూసేది తునికాకు ఆమె, నేను చూడవలసినవి దర్జీ సాహెబువి. నాలుగు వేళ్ల పాదాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని బరువు నన్ను ఆశ్చర్యపరిచింది. మడమ పగులు చూసి, స్థలం, పొడవు, రంగు వరుసగా చెప్పాను.

"తిట్టినట్లు చెప్తవేంది సార్, పగులే కదా," అన్నాడాయన.

కాగితం మూల ఇంకా కొట్టుకుంటూనే ఉన్నది. ఆ గదిలోకి మళ్లీ పిన్ను తేవడానికి మనసొప్పలేదు. ఒక మంగళవారం ఇంటి నుంచి గుప్పెడు అన్నం తెచ్చి, మెతుకులు నలిపి, ఆ మూలను బోర్డుకు అంటించాను. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"అన్నం తగ్గించమన్నాను గాని, ఇలా కాదు సార్," అన్నది.

నేను వచ్చి కుర్చీలో కూర్చునేసరికే తునికాకు ఆమె నా పాదం ఒళ్లోకి తీసుకున్నది. "కదలకు సారూ," అని, వెలుతురుకు తిప్పింది.