వీపు వెనక వెచ్చదనం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఖమ్మంలో హాస్టల్లో ఉన్నప్పుడు బాత్రూముల వైపు నుంచి గజ్జెల చప్పుడు వస్తోందని ఫ్లోరంతా ఒకే గదిలో దూరి పడుకుంటే, బకెట్ పట్టుకుని వెళ్లి నింపాదిగా స్నానం చేసి వచ్చినదాన్ని. ఆ చప్పుడు వదులైన పైపుదని కనిపెట్టి వార్డెన్‌కు చెప్పింది కూడా నేనే. కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకండి. ఇన్నాళ్లూ ఇది రాయకుండా నన్ను ఆపింది భయం కాదు, సిగ్గు.

నేను కెనడాలోని ఎడ్మంటన్‌కు చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో మన పిల్లలు ప్రతి విమానంలోంచీ గుంపులుగా దిగుతున్నారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదారుగురు సర్దుకుంటున్నారు. నా అదృష్టం బాగుండి రఘు అంకుల్ వాళ్ల బేస్‌మెంట్‌లో నాకంటూ ఒక గది దొరికింది. ఆయనది కాకినాడ. చాలా ఏళ్ల క్రితం అమెరికా మీదుగా ఇక్కడికొచ్చి ఆయిల్ కంపెనీలో ఇంజినీరుగా స్థిరపడ్డారు. భార్య విజయ ఆంటీ హాస్పిటల్లో నర్సు. అంకుల్‌కి మనవాళ్లలో అరుదైన సరదా ఒకటుంది. ఏటా నవంబరులో లైసెన్స్ తీసుకుని జింకల వేటకు వెళ్తారు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆ కబుర్లు చెబుతుంటే నేను ఊరుకోలేకపోయాను. మాది అడవి పక్క ఊరని, మా తాతయ్య పెద్ద వేటగాడని, వేట మా రక్తంలోనే ఉందని గొప్పలు పోయాను. నిజానికి తాతయ్య జీవితంలో తుపాకీ ముట్టుకోలేదు. ఎవరో దొర వేటకు పోతే వెనకాల టార్చిలైటు మోసేవాడట. అడవిపంది ఎదురైతే ఆ టార్చిలైటు కూడా పారేసి పరిగెత్తాడని మా నానమ్మ నవ్వుతూ చెప్పేది.

అంకుల్ మాత్రం నా మాట నిజమనుకుని తెగ సంబరపడిపోయారు.

"అయితే ఈసారి నువ్వూ వచ్చేయమ్మా శిరీషా. తుపాకీ నీకివ్వకూడదనుకో, ఊరికే పక్కన కూర్చుందువుగాని" అన్నారు.

సరేనన్నాను.

వెళ్లే ముందు వారమంతా అంకుల్ నాకు పాఠాలు చెప్పారు. జింక గురించి కాదు, చలి గురించి. "వేటంటే గురి కాదమ్మా, చలిలో కదలకుండా కూర్చోవడం. కదిలితే జింక పోద్ది, కదలకపోతే మనం పోతాం" అనేవారు. లోపల ఉన్ని బట్టలే వేసుకోవాలి, కాటన్ వద్దు, చెమట పీల్చుకుని మంచుగడ్డ అయిపోతుంది. బూట్లు వదులుగా ఉండాలి, వేళ్లు ఆడాలి. నడిచేటప్పుడు పై జాకెట్ విప్పేసి చేత్తో పట్టుకోవాలి, ఒళ్లు తడవకూడదు, కూర్చున్నాక తొడుక్కోవాలి. సెంటు, నూనె, సబ్బు వాసన ఏదీ రాకూడదు. జింకకు కళ్లకన్నా ముక్కు ముఖ్యం.

అన్నింటికీ తలూపాను. ఒక్కటీ పాటించలేదు. ఉన్ని లోపలి బట్టలు దురద పెడుతున్నాయని అమ్మ పంపిన కాటన్ లెగ్గింగ్స్ వేసుకున్నాను. సాక్సులు ఒకదాని మీద ఒకటి మూడు జతలు తొడిగి, కాళ్లను బూట్లలోకి బలవంతంగా తోశాను. అన్నిటికీ మించి, చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ ఏం చేసేదో అది చేశాను. అరికాళ్లకు, ఛాతీకి, వీపుకి, మెడకి తలనొప్పి బామ్ దట్టంగా రుద్దుకున్నాను. వీపుకి చెయ్యి అందకపోతే స్వెట్టర్ లోపలి వైపు పూసి తొడుక్కున్నాను. మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకు చలికి ఇంతకన్నా మందు తెలియదు కదా.

తెల్లవారుజామున కారెక్కగానే అంకుల్ ముక్కు ఎగబీల్చారు.

"ఏంటమ్మా ఇది? బామ్ సీసాలో స్నానం చేసొచ్చావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పెద్దగా నవ్వి, మరేం పర్లేదన్నారు. కానీ ఆ వాసనతో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ ప్రాంతానికి జింక రాదు. అందుకని పొలం ఇవతలి చివర, గాలి వాటంగా వాసన అటు పోని చోట, పొదల అంచున నన్ను కూర్చోబెట్టి, తాను అవతలి చివరకు వెళ్లాలని నిర్ణయించారు. నేను ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చింది ఆ బామ్ వల్లే.

ఆ పొలం ఒక ముసలి రైతుది. వేటకు ఆయన అనుమతి ఉంది. కారు ఆయన ఇంటి ముందు ఆపితే బడ్డీ అనే పెద్ద కుక్క తోక ఊపుకుంటూ వచ్చి నా బూట్లు వాసన చూసి తుమ్మింది. అక్కడి నుంచి మంచులో నడక. నేను జాకెట్ విప్పలేదు. నా చోటికి చేరేసరికి లోపల బట్టలన్నీ చెమటతో తడిసి ఉన్నాయి.

మంచు మీద పరుచుకునే చిన్న దిండు వేసి నన్ను కూర్చోబెట్టి, అంకుల్ ఒక ప్లాస్టిక్ విజిల్ నా మెడలో వేశారు.

"చలి తట్టుకోలేకపోతే ఊదెయ్. మొహమాటపడకు తల్లీ. జింక బెదిరి పోతే పోయింది, ఇంకోటి వస్తుంది."

ఆయన వెళ్లిపోయాక కాసేపు బాగానే ఉంది. సూర్యుడు వచ్చాడు కానీ వేడి లేదు. గాలి పడిపోయింది, మంచు కురవడం లేదు. తర్వాత తడి బట్టలు వీపుకి అంటుకుని చల్లబడటం మొదలైంది. కాలి వేళ్లు మొదట నొప్పి పుట్టాయి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు. గ్లవ్స్ కూడా చెమటకు తడిసి బిర్రబిగుసుకుపోతే వాటిని తీసేసి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. పళ్లు టకటకలాడుతున్నాయి.

విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదలేదు. ఊదితే అంకుల్ వస్తారు, కారెక్కిస్తారు, హీటర్ పెడతారు, ఒక్క మాట కూడా అనరు. కానీ ఆదివారం భోజనాల దగ్గర ఆంటీ అడుగుతారు. మా తాతయ్య, మా రక్తం అన్నీ గుర్తుకొస్తాయి. ఆ సిగ్గు కన్నా ఈ చలే నయమనిపించింది. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలా ఎంతసేపున్నానో తెలియదు. వణుకు ఆగిపోయింది, నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు నా వీపుకు ఏదో ఆనుకుంది.

ఉలిక్కిపడలేదు. బడ్డీ వచ్చిందనుకున్నాను. పెద్ద ఒళ్లు, బరువుగా, మెత్తగా నా నడుము దగ్గర నుంచి పైకి ఆనుకుని పడుకుంది. దాని ఊపిరి తెలుస్తోంది. పక్కటెముకలు మెల్లగా ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. ఎండుగడ్డి వాసన వచ్చింది. తిరిగి చూద్దామనుకున్నాను కానీ కదలకూడదని కదా పాఠం. పైగా కదిలితే కుక్క లేచి వెళ్లిపోతుందేమోనని భయం. మనసులోనే దానికి థాంక్స్ చెప్పి వెనక్కి వాలాను. వెచ్చదనం వీపులోంచి భుజాలకు, అక్కడి నుంచి పొట్టలోకి పాకింది. మళ్లీ వణుకు మొదలైంది. వణికితే బతికున్నట్టేనని తర్వాత ఆంటీ చెప్పారు.

విజిల్ నోట్లోంచి జారిపోయింది. ఇక దాని అవసరం కనిపించలేదు.

చాలాసేపు అలాగే ఉన్నాం. తర్వాత నా వెనక కదలిక తెలిసింది. మొదట వెనక కాళ్ల మీద, తర్వాత ముందు కాళ్ల మీద అది పైకి లేచినట్టు నన్ను కొంచెం ముందుకు తోసింది. ఆ మరుక్షణం పొలం అవతలి నుంచి తుపాకీ పేలింది.

వీపు ఒక్కసారిగా చల్లబడింది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

కాసేపటికి అంకుల్ వచ్చారు. మొహం వెలిగిపోతోంది. ఆడజింక పడిందట. నన్ను లేపబోయి, నా వెనక వైపు చూసి ఆగిపోయారు. "ఇక్కడేదో పడుకుందే" అన్నారు.

నా దిండుకు ఆనుకుని మంచులో కోలగా ఒక గుంట ఉంది. అడుగున గడ్డి బయటపడి అణిగి ఉంది. జింకలు మంచులో పడుకుంటే ఒంటి వేడికి కరిగి సరిగ్గా అలాంటి గుంటే పడుతుందట. బడ్డీ వచ్చిందని చెప్పాను. ఆయన ఆ పొద చుట్టూ తిరిగి చూశారు. మా ఇద్దరి బూట్ల గుర్తులు తప్ప మంచు మీద ఇంకే అడుగులూ లేవు. గుంటలోకి రావడానికి లేవు, పోవడానికి లేవు. రాత్రి ఏదైనా పడుకున్న చోటేమో, చీకట్లో మనం చూసుకోలేదేమో అంటూనే గ్లవ్ తీసి గుంట అడుగున చెయ్యి పెట్టారు. ఆ చలిలో రాత్రిదైతే గట్టిగా గడ్డకట్టి ఉండాలి. ఆయన చెయ్యి తడిగా పైకి వచ్చింది. దాన్ని ప్యాంటుకి తుడుచుకుని, పద అన్నారు.

జింక పొలం అవతల పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను దూరంగా నిలబడ్డాను. ఆయన దాన్ని తిప్పడానికి వంగి, దాని డొక్క దగ్గర మొహం పెట్టి వాసన చూశారు. మళ్లీ చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"నువ్వు దీన్ని ముట్టుకోలేదు కదమ్మా?"

లేదన్నాను. దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు. వెళ్లి వంగాను. డొక్క మీది వెంట్రుకల్లోంచి బామ్ వాసన వస్తోంది.

ఆయన కత్తి తీసి పని మొదలుపెట్టారు. పొట్ట తెరవగానే ఆవిరి పైకి లేచింది. అప్పుడు ఆయన కళ్లు నా చేతుల మీద పడ్డాయి. వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆయన కంగారుపడిపోయారు.

"చేతులు ఇందులో పెట్టు. వేటగాళ్లం ఇలాగే చేస్తాం. ఊఁ, పెట్టు! వేళ్లు పోతాయే పిచ్చిదానా!"

పెట్టాను. వేళ్లు దక్కాయి.

తిరిగి వచ్చేటప్పుడు రైతు ఇంటి కిటికీ లోపలి నుంచి బడ్డీ మొరిగింది. మేం పొలంలోకి వెళ్లగానే దాన్ని లోపల పెట్టి తలుపేశానని, మళ్లీ వదల్లేదని రైతు చెప్పాడు. కారులో అంకుల్ అడగకుండానే ఒక సంగతి చెప్పారు. ఆ జింక పొద్దున్నే అవతలి పొదల్లోంచి వచ్చిందట. గడ్డి తినలేదు, తిరగలేదు. నేనున్న వైపు మొహం పెట్టి మంచులో పడుకుండిపోయిందట. పడుకున్నదాన్ని కాల్చడం ఇష్టం లేక, అది లేచే దాకా తుపాకీ స్కోప్‌లోంచి చూస్తూనే ఉన్నారట. లేచి నిలబడగానే కాల్చారు.

అంటే అంతసేపూ అది ఆయన కళ్లెదుటే ఉంది.

ఆంటీకి వెచ్చదనం సంగతి వరకు చెప్పాను. "చలి బాగా ముదిరితే ఒళ్లు వేడెక్కినట్టు అనిపిస్తుందే తల్లీ. కొంతమంది బట్టలు కూడా విప్పేసుకుంటారు. మా హాస్పిటల్లో చూస్తూనే ఉంటాం" అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. నేనూ చదివాను. జింకను తిప్పేటప్పుడు అంకుల్ నన్ను ముట్టుకున్న చేతులతోనే దాన్ని ముట్టుకున్నారేమో, వాసన అలా అంటిందేమో అని కూడా ఆలోచించాను. కానీ నన్ను ముట్టుకున్నప్పుడు ఆయన చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, నా జాకెట్‌కి బయట బామ్ లేదు. తడిగా ఉన్న ఆ గుంటకు మాత్రం ఏ కారణమూ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ ఆదివారం ఆంటీ అల్లం, మిరియాలు దట్టంగా వేసి కూర వండారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అంకుల్ నా వైపు చూడకుండా కలుపుకుంటున్నారు. నేనూ తిన్నాను. మా తాతయ్య పేరు చెప్పి ఆంటీ ఇంకో ముక్క వేశారు.

నేను విజిల్ ఊది ఉంటే ఆ చప్పుడుకి అది పారిపోయి బతికేది. మాకిద్దరికీ బయటపడే దారి నా నోట్లోనే ఉంది. ఈ మాట అంకుల్‌తో కూడా అనలేదు.

ఆయనకూ తెలియనిది ఇంకొకటుంది. చేతులు జింక లోపల పెట్టినప్పుడు కాసేపటికి ఆయన, "చాల్లే అమ్మా, రంగు వచ్చేసింది, ఇక తియ్యి" అన్నారు. నేను తియ్యలేదు. మళ్లీ అన్నారు. నాకింకా స్పర్శ రాలేదని అబద్ధం చెప్పాను. స్పర్శ ఎప్పుడో వచ్చింది. పొద్దుటి నుంచీ నా వీపుకు ఆనుకుని ఉన్నది ఈ వెచ్చదనమేనని అప్పటికే తెలిసిపోయింది. ఎంత హాయిగా ఉందంటే, తెలిసి కూడా చేతులు అలాగే ఉంచాను. అది పూర్తిగా చల్లబడే దాకా ఉంచాను.