రాజాం వీధిలో ఓడ

ఆ రోజుల్లో మా శ్రీకాకుళం వైపు ఊళ్లలోకి కారు వచ్చిందంటే కారణం రెండే. ఎన్నికలైనా అయి ఉండాలి, లేదా ఎవరికైనా ప్రాణం మీదకైనా వచ్చి ఉండాలి. అందుకని కారు కనిపించగానే జనం ముందు జెండా ఉందేమో చూసేవారు, లేకపోతే "ఎవలికి బాగోలేదో పాపం" అని నిట్టూర్చేవారు. అలాంటి కాలంలో ఏ పార్టీ, ఏ జబ్బూ లేకుండా మా మేనమామ ఒక అమెరికా కారు కొన్నాడు. విజయనగరంలో జమీందారీ పోయిన ఒక పాత బంగళా వెనక, రేకుల షెడ్డులో, ముందు సీటు మీద కోళ్లు పొదుగుతుంటే చూసి మనసు పారేసుకున్నాడట. (కొన్నాక చాలాకాలం వరకూ ఎదురుగాలి వీస్తే చాలు, ఏ సందులోంచో ఒక ఈక ఎగిరొచ్చి మన ముక్కు మీద వాలేది.)

మా మావ గోగునార వ్యాపారి. మనిషి పొట్టి, మనసు పొడుగు. ఆ కారు మాత్రం అన్ని విధాలా పొడుగే. లేతాకుపచ్చ రంగు, సొరచేప నవ్వినట్టు ముందు భాగం, వెనక రెండు రెక్కలు, ఈ చివర నుంచి ఆ చివరికి తళతళలాడే వెండిరంగు పట్టీ. ముందు సీటు పెళ్లివారి సోఫాలా ఒకటే బల్ల. మా ఇంటిల్లిపాదీ అందులోనే సర్దుకునేవాళ్లం. ఒకసారి కళింగపట్నం తీసుకెళ్తే వలలు బాగుచేసుకుంటున్న పల్లెవాళ్లు పనాపి చుట్టూ తిరిగి చూశారు. అందులో ఒక ముసలాయన రెక్కలు తడిమి, "బాబూ, దీనికో తెరసాప కట్టీరాదా, నూనె కలిసొస్తాది" అన్నాడు. ఆ రోజు నుంచీ దాని పేరు ఓడ.

నూనె సంగతి ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. ఓడ పెట్రోలు తాగేది కాదు, మింగేది. ఏ భాగం పోయినా మళ్లీ దొరికేది కాదు. అందుకని ట్రాక్టరు బెల్టు, లారీ నుంచి తీసిన దీపం, సైకిలు ట్యూబు ముక్కలు, అత్త పాత చీర పీలికలు, ఇలా మన దేశపు సరుకంతా మెల్లమెల్లగా దాని కడుపులో చేరింది. అత్తకి దాన్ని చూస్తే ఒళ్లు మంట. "సవితైతే తిన్న కంచమైనా కడుగుతాది, ఇదేటి సేస్తాది?" అనేది. మావ ఆ మాటకి నొచ్చుకోకుండా, "అమెరికావోడు ముందు రోడ్డేసి ఆనక కారు సేసినాడే. తప్పు కారుది కాదు" అని సర్దిచెప్పేవాడు. అన్నిటికంటే పెద్ద లోపం ఏమిటంటే, ఓడకి వెనక్కి నడవడం రాదు. ఆ గేరు మా ఇంటికి రాకముందే పోయింది. కాబట్టి మావ ఎక్కడికి బయల్దేరినా, అక్కడ తిప్పుకోవడానికి కళ్లమో, బడి ఆటస్థలమో ఉందా అని ముందు వాకబు చేసేవాడు. ఉంటేనే ఆ ఊళ్లో మాకు చుట్టాలున్నట్టు.

మావ నడిపితే స్టీరింగు వెనక తల కనిపించేది కాదు. ఖాళీ కారు దానంతటదే వస్తోందని రెండు ఊళ్లలో పిల్లలు జడుసుకున్నాక, పొడుగ్గా ఉన్న పాపానికి నన్ను డ్రైవరుని చేశాడు. నాకు అప్పుడే బడిపంతులు ఉద్యోగం వచ్చింది, దాని వెంటే సంబంధమూ వచ్చింది. పిల్లది రాజాం. తండ్రి ధాన్యం వ్యాపారి. పిల్లని చూడటానికి బస్సులో వెళ్లాం, నచ్చింది. ఇక తాంబూలాలు పుచ్చుకోవాలి. "నా మేనల్లుడు తాంబూలాలకి బస్సులో ఎల్తాడేటి? ఓడలో ఎల్తాడు" అన్నాడు మావ. "మరి డ్రైవరెవరు మావా?" అంటే, "ఇంకెవలు, నువ్వే" అన్నాడు. మా నాన్నగారు మాత్రం "నాకు ముహూర్తం ముఖ్యం" అని అమ్మని తీసుకుని పొద్దున్నే బస్సెక్కేశారు.

ఓడలో నేనూ, మావా, వెనక సీటు నిండా మా అమ్మమ్మా. అత్త రానంది. ఆ శుభకార్యంలో పెద్దచెయ్యి అమ్మమ్మది, తాంబూలం ఆమే అందుకోవాలి. చిలకపాలెం దాటాక ఒకసారి ఇంజను అలిగింది గానీ మావ దిగి బుజ్జగించాడు. రాజాం చేరి పిల్లవాళ్ల వీధి మలుపు తిరిగేసరికి వీధంతా గుమ్మాల్లో ఉంది. దూరంగా మా నాన్నగారు రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నారు. ఎన్నడూ లేనిది నన్ను చూసి ఇంత సంబరపడుతున్నారే అని కళ్లు చెమర్చాయి. వీధి చివర తిప్పుకోవడానికి కళ్లం ఉందని మావ ముందే వాకబు చేశాడు కాబట్టి, హారను కొట్టి ఠీవిగా లోపలికి పోనిచ్చాను. (మొదటిసారి వచ్చినప్పుడు ఆ వీధి వెడల్పు గమనించలేదా అని తర్వాత చాలామంది అడిగారు. పిల్లని చూడటానికి వెళ్లినవాడు వీధి కొలతలు చూస్తాడా?)

సరిగ్గా పిల్లవాళ్ల ఇంటి అరుగుకీ, ఎదురింటి అరుగుకీ మధ్య ఓడ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ముందుకి పోదు. వెనక్కి సరే సరి. తలుపులు రెండు వైపులా అరుగులకి ఒత్తుకుని బిగుసుకుపోయాయి.

"ఒరే, తలుపు తియ్యి" అంది అమ్మమ్మ.

"రావట్లేదు అమ్మమ్మా. కిటికీలోంచి దిగాలి."

"కిటికీలోంచి దిగడానికి నానేటి దొంగనా? నాను దిగను. తాంబూలం ఇక్కడికే ఒట్టుకు రమ్మను."

అప్పటికే మావ కిటికీలోంచి అరుగు మీదకి జారిపోయాడు. పిల్ల తండ్రి కంగారుగా వచ్చి, "మనోళ్లందర్నీ పిలుస్తాను బాబూ, ఎనక్కి తోసీద్దాం" అన్నాడు. మావ వంగి చూసి కేకేశాడు. వెండి పట్టీ కొస ఊడి, పిల్లవాళ్ల అరుగు రాళ్ల మధ్య ఇరుక్కుపోయి ఉంది. "తోయకండి! తోస్తే పట్టీ పీకీసుకొస్తాది. ఇది పోతే మళ్లీ ఈ దేశంలో దొరకదు!"

ముహూర్తం దాటిపోతోందని నాన్నగారు గోల పెట్టడంతో ముందు ఆ పని కానిచ్చారు. వెనక కిటికీకి ఆనించి అరుగు మీద చాప పరిచి పిల్లని కూర్చోబెట్టారు. అమ్మమ్మ సింహాసనం మీద ఉన్నట్టు కూర్చుని, కిటికీలోంచి పళ్లెం అందుకుని, పిల్లకి బొట్టు పెట్టి, "ఇదే బావున్నాది, కాళ్ల నొప్పి లేదు" అంది. పెళ్లికొడుకుని నేను స్టీరింగు ముందు అటు తిరిగి ఉన్నాను. పిల్ల నాకు అద్దంలోనే కనిపిస్తోంది. పెద్దవాళ్లు ముహూర్తాల గురించి మాటల్లో పడగానే ఆమె ముందుకి వంగి, మెల్లగా అడిగింది.

"మీకు ఎనక్కెల్లడం రాదేటి?"

"నాకు వచ్చండి. కారుకే రాదు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇద్దరి మధ్యా మొదటి సంభాషణ అదే.

తాంబూలాలయ్యాక పిల్ల తండ్రి గునపం తెప్పించాడు. "అరుగు మూల కొట్టీద్దాం. మళ్లీ కట్టుకోవొచ్చు" అన్నాడు. మావ మొహం వికసించింది. గునపం పైకి లేచింది. అప్పుడు చాప మీంచి పిల్ల లేచి నిలబడింది.

"ఆగండి నానా." అని, మావ వైపు తిరిగి, "కోపం సెయ్యకండి. మీ కారు సానా బావున్నాది. మా అరుగు కూడా మాకు అలాగే ఉంటాది. మా నాన సాయంకాలం అయితే ఆ మూలే కూకుంటారు. ఈ ఇంట్లో నాను ఉండీది ఇంకెన్నాళ్లు? ఆ మూల కూడా తీసీస్తే ఆయనెక్కడ కూకుంటారు?" అంది.

సంబంధం చెడిందనే అనుకున్నాను. మా నాన్నగారు కళ్లు మూసుకున్నారు. మావ పట్టీ వంక చూశాడు, పిల్ల తండ్రి వంక చూశాడు, ఆయన చేతిలోని గునపం తీసి గోడకి ఆనించాడు. "తోయండర్రా" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వీధివీధంతా చెయ్యేసింది. లోపల అమ్మమ్మ ఊగిపోతూ "మెల్లిగర్రా, మెల్లిగ" అంటుంటే, ఎండిన తాటిమట్ట చీల్చినట్టు చప్పుడై, ఓడ వెనక్కి నడిచింది. మావ పట్టీని తీసి కండువాతో తుడిచి, చంటిపిల్లని అందించినట్టు కిటికీలోంచి అమ్మమ్మకి అందించాడు.

తిరుగు దారిలో మావ మాటిమాటికీ వెనక్కి తిరిగి అమ్మమ్మ ఒళ్లో పట్టీనే చూసుకున్నాడు. నాకు భయం వేసింది. రాజాం దాటి చాలా దూరం వచ్చాక, ఉన్నట్టుండి, "ఒరే, గుంట బావున్నాదిరా" అన్నాడు. "నాలుగు మాటలాడింది, ఒక్కటీ పొల్లు లేదు. నువ్వు జాగర్త."

తర్వాత పెళ్లయింది. జాగ్రత్తగానే ఉన్నాను. కొన్నేళ్లకి పాత కార్లు సేకరించే ఆసామి ఒకాయన విశాఖపట్నం నుంచి వచ్చి ఓడని తీసుకెళ్లాడు. దాన్ని తిట్టిన అత్తే దిష్టి తీసి సాగనంపింది. మావ ఊరి చివరి దాకా దాని పక్కనే నడిచి వెళ్లాడు. ఇప్పుడు మావా లేడు, అమ్మమ్మా లేదు. మాకు ఒక బుల్లి కారు ఉంది. తాళం తిప్పగానే కదులుతుంది, ఎవరూ తలెత్తి చూడరు.

అప్పుడప్పుడు మాత్రం ఆ సాయంత్రం కళ్ల ముందు నిలుస్తుంది. రెండు పక్కలా చేలు. వెనక సీట్లో గురక. రోడ్డు బాగున్నచోట ఓడ తేలినట్టు పోతోంది. స్టీరింగు ముందు ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, సంత నుంచి ఇళ్లకి పోతున్న వాళ్లు బాగా చూడాలని కావాలనే నెమ్మదిగా నడుపుతున్నాడు. ఆ చూపులన్నీ తనకోసమేనని వాడి నమ్మకం. నాకు తెలుసు, అవి కారు కోసం. అయినా వాడికి చెప్పను. ఇంకాస్త దూరం వాణ్ణి అలాగే పోనిస్తాను.