ముక్కు మూయని అత్తమ్మ

నాచారంలో మా పక్కింటి అత్తమ్మ, కంపు కొట్టే చెరువు కట్ట మీద ఏనాడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. "ముక్కు మూసుకునుడు అలవాటైతే ఈ కంపు ఎందుకని అడుగుడు బంద్ అయితది," అనేది.

ఒక ఏడు సద్దుల బతుకమ్మకు చెరువంతా ఫ్యాక్టరీ నీళ్ళ నురగ. కాలనీవాళ్ళు కట్ట కింద ప్లాస్టిక్ టబ్బులో బోరు నీళ్ళు నింపి పెట్టారు.

"అత్తమ్మా, ఈడ్నే వెయ్యి. నీళ్ళు మంచిగున్నయి," అన్నాడు కమిటీ ప్రెసిడెంట్.

ఆమె నెత్తిమీది బతుకమ్మను దించలేదు. "చెరువు నీళ్ళు మూసీల కలుస్తయి, టబ్బు నీళ్ళు ఏడికి పోతయి బిడ్డా? మనం చెరువుకు పోవుడు బంద్ జేస్తే, రేపు అది చెరువే కాదని మట్టి పోస్తరు."

టబ్బు దాటి వెళ్ళి మోకాళ్ళ దాకా నురగలోకి దిగింది. నేనూ ముక్కు మీది కొంగు తీసేసి వెనకే దిగాను. ఆ వాసనను ఇప్పటికీ అలవాటు కానివ్వలేదు.