దవడతో విన్న పాట

హోటళ్లలో, పెళ్లి విందుల్లో ఇతరుల పాటలు వాయించి వాయించి విసిగిపోయిన నలుగురు, చివరికి సొంత పాటలతో ఒక ఆల్బమ్ చేయాలని తీర్మానించారు. వాళ్లలో పెద్దవాడు వయొలిన్ వాయిస్తాడు. డ్రమ్ములు వాయించేవాడు అతనికి స్వయానా బావమరిది కావడంతో, మిగతా ఇద్దరికీ కూడా అతను బావే అయిపోయాడు. ఏ సంగీత సభా ఇవ్వలేని బిరుదు అది. వెనక్కి తీసుకోవడమూ కుదరదు.

కొంతకాలంగా బావ చెవులు విధుల నుంచి తప్పుకుంటున్నాయి. ముందు కుక్కరు కూత పోయింది, తర్వాత కాలింగ్ బెల్లు, ఆపైన వయొలిన్ పై తీగ. భార్య మాట కూడా పోయింది గానీ, అది భర్తలకు వినపడకపోవడాన్ని లోకం జబ్బుగా లెక్కించదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు," అనేది ఆవిడ. పెదవుల్ని బట్టి ఆ మాట మాత్రం అతనికి స్పష్టంగా తెలిసేది.

వయొలిన్ దవడకు ఆనుతుంది గనుక స్వరం ఎముక గుండా లోపలికి వచ్చేది. తాళానికి బావమరిది కుడి భుజం ఉండేది. అది దిగినప్పుడల్లా దెబ్బ పడినట్టు. చెవుడొచ్చిన వాద్యకారుణ్ణి జాలిగా చూస్తారే గానీ పక్కన నిలబెట్టుకోరు. ఆల్బమ్‌లో ఆఖరి పాట బాణీ అతనిదే, పెళ్లైన కొత్తలో కట్టింది. అదొక్కటి గుట్టు బయటపడకుండా వాయించేస్తే చాలనుకున్నాడు.

స్టూడియోలో ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో పెట్టి తలుపేశారు. గాజు కిటికీలోంచి బావకు కనిపించేది రికార్డింగ్ ఇంజినీరు ఒక్కడే. అతనేమో టీ తాగుతున్నాడు. టీకి తాళం ఉండదు.

మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

"హెడ్‌ఫోన్లు బాలేవు," అన్నాడు బావ గంభీరంగా.

ఇంజినీరు తన సొంతవి తెచ్చిచ్చాడు. "వీటిల్లో చీమ నడిచినా వినిపిస్తుంది సార్."

"చీమ సంగతి సరేనయ్యా, డ్రమ్ము సంగతి చూడు."

మళ్లీ తప్పింది. బావమరిది లేచి వచ్చి అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఇంజినీరుతో, "నాది బాగానే వచ్చింది. అది వేస్తూ బావది విడిగా తీసుకోండి," అని చెప్పి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఇక్కడేం పనిరా నీకు?"

"నా గదిలో ఏసీ ఎక్కువైంది బావా."

ఖాళీ చేతులతోనే భుజం కదిలించాడు. పాట కుదిరింది. డ్రమ్ములు ఆగాక చివర్లో మిగిలేది వయొలిన్ ఒక్కటే. అక్కడ బావమరిది ఎందుకో భుజం దించడం మరిచిపోయాడు. అది దిగేదాకా బావ కమాను ఎత్తలేదు.

తర్వాత అందరూ ఇంజినీరు గదిలో చేరి పాట వేసుకున్నారు. క్యారేజీతో వచ్చిన భార్య కూడా కూర్చుని కళ్లు మూసుకుంది. స్పీకర్లలోంచి బావకు డ్రమ్ముల దబదబ ఒక్కటే, అదీ గుండెల మీద అదురుగా అందింది. దవడ దగ్గర వయొలిన్ లేదు గనుక, పాటలో అతనూ లేడు. మొహాలు చూశాడు. గిటారువాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. బాగానే వచ్చిందన్నమాట.

దబదబ ఆగింది. చివరి స్వరానికి మనసులో ఎప్పటి లెక్కే వేసుకున్నాడు. ఇవాళ సాగిందన్న సంగతి గుర్తు రాలేదు. లెక్క పూర్తవగానే పెద్దరికంగా గొంతు సవరించుకున్నాడు.

"పర్లేదు, బాగానే వచ్చింది. ఇక భోంచేద్దామా?"

ఎవరూ కదల్లేదు. బావమరిది తల దించుకున్నాడు. భార్య కళ్లు తెరిచి అతని వైపు చూసింది. తర్వాత పెదవులు బాగా కనిపించేలా, ఒక్కో మాటే విడదీసి అంది.

"ఇంకా... అవ్వలేదండీ."