కొల్లేటి గట్టు మీద ఆస్ట్రేలియా అడాప్టర్

నేను రాజమండ్రిలో తెలుగు టీచర్ని. సెలవు దొరికితే ఏదో ఒక బస్సెక్కడం, వచ్చి ఇక్కడ రాసుకోవడం నా అలవాటు. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుందని. అలాంటిదాన్ని పోయిన శనివారం కైకలూరు బయల్దేరదీసింది మా చెల్లెలు సునీత. తను తాడేపల్లిగూడెంలో చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని, రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే మోత మోగించే డబ్బాలు తయారుచేస్తుంది. ఆస్ట్రేలియాలో రొయ్యలు పెంచే ఒక కంపెనీ వాటి గురించి అడిగింది. వాళ్ళ తరఫున విశాఖ నుంచి స్టెల్లా గారనే ఆవిడ వచ్చి, కైకలూరు దగ్గర ఒక చెరువు మీద డబ్బా పనితనం చూస్తారట. నచ్చితే సునీతకి తొలి విదేశీ ఆర్డరు. లేకపోతే షెడ్డు ఖాళీ చేయాల్సిందే. "భయంగా ఉందక్కా, నువ్వు పక్కన ఉంటే చాలు," అంది.

పొద్దున్నే రాజమండ్రిలో ప్యాసింజరెక్కితే, గూడెంలో సునీత ఒళ్ళో అట్టపెట్టెతో వచ్చి కూర్చుంది. ఏలూరు వచ్చేదాకా నాకు పాఠమే. గోడ ప్లగ్గుకీ డబ్బాకీ మధ్య ఉండే నల్ల దిమ్మ ఉంది చూశారూ, ఆ అడాప్టర్‌కి ఒక్కో దేశంలో ఒక్కో రూలట. మన దగ్గర అమ్మాలంటే ఒక ముద్ర, ఆస్ట్రేలియాకి మరొకటి, యూరప్‌కి ఇంకొకటి. చతురస్రంలో చతురస్రం ఉంటే లోపల రెండు పొరల రక్షణ ఉందని అర్థం. పక్కన రోమన్ అంకె ఉంటే అది కరెంటు పొదుపు తరగతి.

"అంకె పెద్దదైతే ఎక్కువ తింటుందా?"

"కాదక్కా, తక్కువ తింటుంది."

"మరి ఈ ఇంటి బొమ్మేంటి?"

"ఇంటి లోపలే వాడాలని."

"చెరువు గట్టు మీద ఇల్లెక్కడిదే?"

"షెడ్డుంటుందిగా," అంది గానీ, గొంతులో గట్టిదనం లేదు. వీటికన్నా మా సంధులూ సమాసాలే నయం అనుకున్నాను.

ఏలూరు బస్టాండు బయట ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాం. టికెట్టు వంద లోపే. కిటికీ పక్క సీటు మాత్రం వదులుకోకండి. ఊరు దాటాక రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళే. ఏది కొల్లేరో ఏది చేపల చెరువో నాకు తేలక కండక్టర్ గారిని అడిగాను. "గట్టు కనబడితే చెరువండి, కనబడకపోతే కొల్లేరండి. వానాకాలంలో మాత్రం నన్నడక్కండి," అన్నారాయన. కైకలూరు చేరడానికి గంటన్నర పైనే పట్టింది. అక్కడి నుంచి చెరువుకి ఆటో. తిరుగు ప్రయాణం కూడా కలిపి ముందే బేరమాడుకోండి, గట్ల మీద ఖాళీ ఆటో దొరకదు.

చెరువు రామరాజు గారిది. సునీత డబ్బా మొట్టమొదట కొన్నది ఆయనే. మేం వెళ్ళేసరికి స్టెల్లా గారు గట్టు మీది షెడ్డులో కూర్చుని ఉన్నారు. ఆ గట్ల మీద కొత్త మిషన్ ఏది వచ్చినా, ఇంటి ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పెట్టాకే స్విచ్ వేస్తారు. రామరాజు గారి భార్య సత్యవతి గారు ఇంకా వంట దగ్గరే ఉన్నారు. ఈయనకి ఆత్రం ఆగక సునీత తెచ్చిన డబ్బాకి ప్లగ్గు పెట్టి స్విచ్ వేసేశారు. డబ్బా మీద అంకెలు వెలిగాయి. స్టెల్లా గారు వంగి, బల్ల మీదున్న అడాప్టర్ లేబుల్ చూసి, "గుర్తులన్నీ ఉన్నాయే," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడొచ్చారు సత్యవతి గారు, కుంకుమ భరిణె, గిన్నెలో తడి పసుపు పట్టుకుని. "ఏవండీ, బొట్టు పెట్టకుండానే వేసేశారా!" అని భర్తని మందలించి, తడి వేళ్ళతో నేరుగా అడాప్టర్ మీదికి చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి పిన్నిగారూ!" సునీత కేక పెట్టింది.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. స్టెల్లా గారు సునీత వైపు తిరిగి, "అంత భయమెందుకమ్మా? రెండు పొరల రక్షణ ఉందని దాని మీదే రాసుందిగా," అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. తడి చేత్తో కరెంటు ముట్టుకోకూడదని చిన్నపిల్లలకీ తెలుసు, అందులో తప్పేముంది? సునీత మాత్రం తల దించుకుని చెప్పేసింది.

"ఆ అడాప్టర్ బజార్లో కొన్నదండి, ల్యాబులో పరీక్ష చేయించలేదండి. ఆ గుర్తులు స్టిక్కర్ల షాపులో నేనే వేయించానండి. అవి లేకపోతే చూడనైనా చూడరేమో అనుకున్నానండి. లోపల ఏముందో నాకూ తెలీదండి."

రామరాజు గారు లేచి స్విచ్ ఆపేశారు. నాకు కోపమొచ్చింది. సునీత మీదా, ఇన్ని రూళ్ళు పెట్టిన దేశాల మీదా అన్నది తేలలేదు.

"డబ్బా బాగుందమ్మా," అన్నారు స్టెల్లా గారు. "కానీ ఇలా అయితే ఆర్డరివ్వలేను. పరీక్ష చేయించిన అడాప్టర్‌తో రా, చూస్తాను. ఈలోపు వేరేవాళ్ళ దగ్గర కొనొద్దని మాత్రం మావాళ్ళకి చెప్పలేను."

సునీత అడాప్టర్ పీకి, ఆ స్టిక్కర్ని గోటితో గీకడం మొదలుపెట్టింది. సత్యవతి గారు అంతా విని, "అయితే ఇది పరీక్షకెళ్ళాలన్నమాట," అని, స్టిక్కర్ ఊడిన చోట తీరిగ్గా పసుపు రాసి బొట్టు పెట్టారు. "మా పిల్లల్నీ ఇలాగే పంపేదాన్నమ్మా. ప్యాసయ్యాక తీసుకురా, మా చెరువు మీదే చూపిద్దువుగాని." అప్పటిదాకా బిగబట్టుకున్న సునీత అప్పుడు ఏడ్చింది.

తిరుగు బస్సులో, షెడ్డు ఖాళీ చేసి వంటింటి బల్ల మీదే డబ్బాలు తయారుచేసుకుంటానంది, అద్దె డబ్బులు ల్యాబుకి కడుతుందట. నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలో, దొంగ ముద్ర వేసినందుకు తిట్టాలో తెలీక వేరుశనక్కాయలు కొనిచ్చాను. ఏ దేశానికి ఏ ముద్రో నాకిప్పటికీ కలగాపులగమే. ఎక్కడో ముక్కూ మొహం తెలీని మనిషి తడి చెయ్యి చాపుతాడని ఆ రూళ్ళన్నీ పెట్టారని మాత్రం అర్థమైంది. మీరు కొల్లేరు వెళితే పక్షుల కోసం పొద్దున్నే కైకలూరు పక్కనున్న ఆటపాక చేరుకోండి. ఫోను ఛార్జరు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. దారిలో కొనాల్సివస్తే, దాని మీద ఎన్ని గుర్తులున్నా సరే, చెయ్యి తుడుచుకునే ముట్టుకోండి. అవి ఎవరు వేశారో మనకి తెలీదు కదండీ.