మా అత్త సుట్ట మానేసిన ఉగాది

ఇలా దగ్గరగా జరిగి కూచోండి. గుమ్మం అవతల నిలబడితే సగం మాట గాలికి పోతుంది, ఇది సగం వినే సంగతి కాదు. కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, మేమూ మా పెద్దల కబుర్లు అలాగే విన్నాం.

అరవైల చివరి మాట. నేను బొబ్బిలి పక్కనుంచి రాజాం పక్క ఊరికి కొత్త కోడలిగా వచ్చాను. కూడా తెచ్చుకున్న సామానులో నాకు ప్రాణమైనది చీరా కాదు, గొలుసూ కాదు. ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న టీ పొడి పొట్లం. కన్నవారింట పొద్దున్నే టీ తాగడం అలవాటు. అత్తవారింట పొద్దున్నే అంబలి. అంబలికి నేను వంక పెట్టను, కడుపు చల్లగా ఉంటుంది. కానీ టీ మరిగిన నాలుకకి అంబలి పోస్తే, పెళ్ళికని పోయి తద్దినం భోజనం చేసినట్టుంటుంది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "అత్తా, ఓ గలాసుడు టీ పెట్టుకోనా?"

మా అత్త నా వైపు తిరిగింది. ఆవిడ నోట్లో నిప్పుంది. మా పక్క ఆడవాళ్ళు సుట్ట ఎలా కాలుస్తారో తెలీని వాళ్ళకి చెబుతాను. వెలిగిన కొస నోట్లోకి పోతుంది, వెలగని కొస బయట ఉంటుంది. అడ్డపొగ అంటాం. గాలికి ఆరదు, వానకి తడవదు, నుసి కూరలో పడదు, రెండు చేతులూ పనికి ఖాళీ. మాట రాదని కాదు, వస్తుంది. కానీ అవసరమైన ముక్క ఒక్కటే వస్తుంది. మా మావ ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్కతోనే సుఖంగా కాపరం చేశాడు.

అత్త సుట్ట తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది. "నాను సుట్ట మానీసిన్నాడు నువ్వు నా పొయ్యి మీద టీ పెట్టుకోయే," అని మళ్ళీ నోట్లో పెట్టుకుంది. అంటే ఈ జన్మలో కాదని. పక్కనే కూచున్న ఎదురింటావిడ కిసుక్కున నవ్వింది.

ఈ ఎదురింటావిడ మిషను చర్చికి పోయే మనిషి. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ "వదినా" అంటే "వదినా" అనుకునేవారు. కలిసి ఒక్క నిప్పుతో సుట్టలు ముట్టించుకున్న నోళ్ళు. ఆ ఏడు జనవరి ఒకటిన ఆవిడ చర్చి నుంచి తిన్నగా మా అరుగు మీదకొచ్చి, "కొత్త సమచ్చరం వదినా, సుట్ట వదిలీసినాను," అంది.

అత్త నమ్మలేదు. కొన్నాళ్ళు చూసింది. దగ్గరకెళ్ళి వాసన కూడా చూసింది. ఆవిడ నిజంగానే మానేసింది. మానేసి ఊరుకుంటే బాగుండును, రోజూ వచ్చి చెప్పీది. "బాగా ఆకలేస్తంది వదినా. అన్నం రుసి తెలస్తంది వదినా."

"రుసి తెలీకుండానే ఇన్నాళ్ళూ అంత తిన్నావేటి?" అనీది అత్త.

"ఎక్కిరించు. మా సమచ్చరానికి నాను మానీసినాను. మీ సమచ్చరమూ వస్తాది గదా. నువ్వేటి సేస్తావో సూస్తాను."

అదిగో, ఆ మాట మా అత్తకి ముల్లులా దిగింది.

ఉగాది వచ్చింది. తెల్లారగట్ల అత్త నా చేత పొయ్యిలోంచి నిప్పు తెప్పించుకుని, గొడ్ల సాల దగ్గర కూచుని, ఒక సుట్ట మూతి కాలేదాకా కాల్చింది. తరవాత తలంటుకుని, కొత్త చీర కట్టి, వేపపువ్వు పచ్చడి చేత్తో పట్టుకుని ఎదురింటావిడని కేకేసింది.

"ఉగాదినాడు ఏటి సేస్తే ఏడాదంతా అదే నడుస్తాది. ఇంక నాను సుట్ట ముట్టను. ఈ పచ్చడి మీద ఒట్టు!"

మా మావకి పచ్చడి గొంతుకి అడ్డం పడింది. నేను ట్రంకు పెట్టె దగ్గరికి పరిగెత్తాను. ఆ పండగ పూటే మా అత్త పొయ్యి మీద బెల్లం వేసి టీ కాచి, పెరటి గుమ్మంలో కూచుని ఊదుకుంటూ తాగాను. ఆ క్షణాన రామతీర్థం రాముడు కొండ దిగొచ్చి వరం కోరుకోమన్నా, "కాసేపాగు సామీ, టీ చల్లారిపోతాది," అనుండేదాన్ని.

ఆ మధ్యాన్నం నుంచి మొదలైంది. ఇన్నేళ్ళూ సుట్ట వెనకాల ఆగిపోయిన మాటలన్నీ వానాకాలం ఊరి పక్క గెడ్డకి వరదొచ్చినట్టు పొంగాయి. నా నడక మీద, మా ఆయన మీసం మీద, చివరికి గేదె మీద కూడా. "నన్ను సూసి మూతి తిప్పుకుంటందది!" మా మావకైతే పెళ్ళినాటి సంగతులు, వాళ్ళక్కతో సహా. "ఆ రోజు మీ అప్ప నాకు మెత్తబడిపోయిన కాజా పెట్టినాది, గేపకం ఉన్నాదా?" మావ పొలానికి పారిపోతే గట్టు మీదికి వెళ్ళి మిగతాది చెప్పీది.

"దాని నోట్లో నిప్పున్నన్నాళ్ళూ ఇల్లు సల్లగుండీది గదరా," అని మావ మా ఆయన దగ్గర వాపోయాడు. రాజాం సంతకెళ్ళి సుట్టల కట్ట తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాడు.

"ఒసే, నీకు దండవెడతాను. ఒక్కటి కాల్సుకోయే."

"ఒట్టేసినాను."

"పచ్చడి మీద గదా ఏసినావు, నా మీద కాదు గదా! పచ్చడికేటైనా అయితే నాను సూసుకుంటాను."

ఇంట్లో అందరూ ఒక పక్క, నేనొక్కర్తినీ ఒక పక్క. "మాటంటే మాట మావా," అనేదాన్ని. మావ నా చేతిలో గలాసు వైపు చూసి, "నీకేటే, నీకు సెవులు లేకపోయినా నాలికున్నాది," అనీవాడు. నిజమే మరి. పగలంతా చెవులు హోరెత్తిపోయినా, తెల్లారి మొదటి గుక్కతో అన్నీ మరిచిపోయేదాన్ని.

అత్త ఒట్టు జారిపోకుండా ఒకరోజు ఆవిడకీ టీ పోశాను. నోట్లో వేడి ఉంటే సుట్ట ధ్యాస పోతుందేమోనని. ఒక గుక్క తాగి, "కాక బాగున్నాది. పొగేదే?" అంది. గలాసు మాత్రం తిరిగివ్వలేదు. మర్నాటి నుంచి రెండు గలాసులు.

చింతపండు గింజ తీసే రోజులొచ్చాయి. అరుగు మీద అత్తా, ఎదురింటావిడా, నేనూ కూచున్నాం. ముగ్గురికీ చేతులు జిగట. అత్త నోటికి మాత్రం ఏ జిగటా లేదు. "మీ చర్చి పాటలు బాగుంటాయి వదినా, నువ్వు పాడకపోతే ఇంకా బాగుంటాయి," అని మొదలెట్టి, ఆవిడ గొంతు దగ్గర్నుంచి వాళ్ళ కోడి కూత దాకా వచ్చింది.

ఎదురింటావిడ చేతిలో చింతపండు కింద పడేసింది. "వదినా! నాను గెలిసీనాను, నువ్వూ గెలిసీనావు. మనిద్దరం గెలిసి మన ఈదంతా సచ్చిపోతంది. సుట్ట కాల్సుకోయే తల్లీ!"

అత్త ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "నాకైతే కాల్సాలని లేదు గానీ, వదిన మాట కాదనకూడదు గదా." నా వైపు తిరిగి, "ఒలే, నిప్పు తే," అంది.

నిప్పు తెస్తే టీ పోతుంది. తేకపోతే కోడలరికం పోతుంది. తెచ్చాను. అత్త మావ తెచ్చిన కట్టలోంచి ఒక సుట్ట తీసి ముట్టించి, "ఇంక నీ టీ దించీ. మాటంటే మాట, నువ్వే అన్నావు గదా," అని, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆ నిప్పు కొస పూర్తిగా లోపలికి పోయేదాకా ఆగాను.

"అత్తా, ఉగాదినాడు ఏటి సేస్తే ఏడాదంతా అదే అన్నావు గదా. ఆ రోజు తెల్లారగట్ల నువ్వు సుట్ట కాల్సినావు, నిప్పు తెచ్చింది నానే. అందుకే అది నిన్నొదల్లేదు. ఆ రోజే నీ పొయ్యి మీద నాను టీ కాసినాను. నీది నడిసి నాది ఆగిపోతే, అదేం ఉగాది?"

ఎదురింటావిడ జిగట చేతులతోనే చప్పట్లు కొట్టింది. అత్త కళ్ళు తెరిచింది. ఆవిడ దగ్గర జవాబు లేక కాదు, ఆవిడ దగ్గర జవాబు లేని రోజు లేదు. కానీ అది చెప్పాలంటే సుట్ట బయటికి తియ్యాలి. చెయ్యి పైకి లేచింది. సుట్ట దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. మెల్లగా కిందికి దిగి, పక్కనున్న ఖాళీ గలాసు పట్టుకుని నా వైపు తోసింది.

ఎదురింటావిడ మళ్ళీ సుట్ట ముట్టలేదు. రోజూ వచ్చి అత్తకి ఆనుకుని కూచునేది. "నాను కాల్సను. నీ పక్కన కూకుంటాను, అంతే," అని గాలి బాగా పీల్చుకునేది. మూడో గలాసు ఆవిడది.

ఇదీ సంగతి. మీ ఇంట పొద్దున్నే పొయ్యి మీద ఏదో ఒకటి మరుగుతూ ఉండాలి. మీ పెద్దవాళ్ళ ముచ్చట తీరాలి, కొత్తగా వచ్చిన పిల్ల గలాసు నిండాలి. మీ ఇల్లు చల్లగా, మీ టీ వేడిగా, నాలుగు కాలాలు ఉండాలి.